బొటనవేలి ఆఫ్‌సైడ్

ఆఫ్‌సైడ్ లేకుండా ఫుట్‌బాల్ ఆడొచ్చు. మా హిందూపురం వైపు పిల్లలు చాలామంది అట్లాగే ఆడతారు. సాయంత్రం బడి వదిలాక గ్రౌండులో ఒక మూల క్రికెట్, ఇంకో మూల వాలీబాల్, మిగిలిన జాగాలో ఫుట్‌బాల్. రెండు ఇటుకలు ఒక గోలు, రెండు జతల చెప్పులు ఇంకో గోలు. జెండా పట్టే మనిషి ఉండడు, ఈల వేసే మనిషీ ఉండడు. ఇట్లాంటి ప్రతి ఆటలోనూ ఒక పిల్లాడు తప్పకుండా ఉంటాడు. బంతి ఎక్కడున్నా వాడు మాత్రం అవతలి గోలీ పక్కనే నిలబడి సినిమా కబుర్లు చెబుతుంటాడు. మిగతావాళ్లంతా దుమ్ములో పడి లేస్తుంటే వాడి చొక్కా కూడా నలగదు. ఎప్పుడో ఒకసారి బంతి దొర్లుకుంటూ వచ్చి వాడి కాళ్ల దగ్గర పడుతుంది. వాడు ఊరికే తోస్తాడు. గోల్!

మొదటిసారి ఊరుకుంటారు. రెండోసారి గొణుగుతారు. మూడోసారి తగువు. “గోలు కాడ కాపు కాసేది ఆటనా? ఇంగ ఈడ నిలబడి కొడితే లెక్కలేదు పో!” ఎవరో ఒకరు చెప్పుతో నేల మీద గీత గీస్తారు. బంతి రాకముందే ఆ గీత దాటి నిలబడకూడదని ఒప్పందం. ఏ రూలు పుస్తకమూ చదవకుండానే మా పిల్లలు ఆఫ్‌సైడ్ రూలు రాసేశారన్నమాట. మర్నాడు ఆడేవాళ్లు మారితే ఆ రూలూ పోతుంది. “ఈ పొద్దు ఆఫ్‌సైడ్ లేదబ్బా” అనుకుని మొదలుపెడతారు.

ఇంగ్లండులో కూడా ఇది ఇట్లాగే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో పెద్దింటి పిల్లలు చదివే బళ్లలో ఒక్కో బడికి ఒక్కో రూలు ఉండేది. అన్నిటిలోనూ సారం ఒకటే, పొంచి ఉండి గోల్ కొట్టడం మగతనం కాదని. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ మొదటి రూల్స్ రాసుకున్నప్పుడు ఆ పట్టింపు ఎంత గట్టిగా ఉందంటే, బంతికి ముందున్న వాడెవడూ ఆటలో లేనట్టే. ఇప్పటి రగ్బీలాగా అన్నమాట. మూడేళ్లు గడిచాక, 1866లో, కాస్త సడలించారు. ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు నీకూ గోల్ గీతకూ మధ్య ఉంటే చాలన్నారు. ఆ ముగ్గురి లెక్క దాదాపు అరవై ఏళ్లు నడిచింది.

అయితే ఏ రూలుకైనా దాన్ని ఎదురు తిప్పి వాడుకునే బుద్ధిమంతుడొకడు వస్తాడు. న్యూకాసిల్ జట్టులో బిల్ మెక్రాకెన్ అనే ఐర్లండు డిఫెండర్ అట్లాంటివాడు. బంతి రాబోతుందనగా తానే రెండడుగులు ముందుకు వచ్చేవాడు. వెనకున్న ఫార్వర్డ్ ఏ పాపమూ ఎరగకుండా ఆఫ్‌సైడ్‌లో తేలేవాడు. ఇది చూసి మిగతా జట్లూ నేర్చాయి. ఆటంతా మైదానం నడిమధ్య ఇరుక్కుపోయింది, చూసేవాళ్లకు విసుగొచ్చింది. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఆ ఒక్క అంకె మారేసరికి ఇంగ్లీష్ లీగులో ఒక సీజనులో పడే గోల్స్ 4,700 నుంచి 6,373కి ఎగబాకాయి. ఒక ఆటలో ఒక్క మాట మారిస్తే ఇంత తేడా వచ్చిన సందర్భం ఇంకొకటి నాకు తోచదు. 1990లో, డిఫెండర్‌తో సమానంగా ఉంటే తప్పు లేదన్నారు. గోల్ కొట్టడానికి పనికొచ్చే అంగాలే లెక్కలోకి వస్తాయని, అంటే తల, ఒళ్లు, కాళ్లు చూడాలి గానీ చేతులు కాదని 2005లో స్పష్టం చేశారు. ఈ చివరి మాటే తర్వాత కొంప ముంచింది.

క్రికెట్ తప్ప ఇంకోటి చూడని మిత్రుల కోసం నేటి రూలు ఒక్క గుక్కలో చెబుతాను. నీ జట్టువాడు బంతిని తన్నిన ఆ క్షణంలో నువ్వు అవతలి సగంలో ఉండి, బంతికన్నా, ఎదుటి జట్టు చివరి నుంచి రెండో మనిషికన్నా వాళ్ల గోల్‌కు దగ్గరగా ఉంటే నువ్వు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. ఉండటం తప్పు కాదు. అక్కడుండి ఆటలో వేలు పెడితేనే తప్పు. త్రో, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా బంతి అందితే ఈ గొడవే లేదు. ఇంతే. కానీ ఈ ‘తన్నిన ఆ క్షణం’ ఉందే, అసలు చిక్కంతా అక్కడే.

ధర్మవరంలో ఒకసారి బళ్ల మధ్య జరిగిన పోటీ చూస్తున్నాను. జెండా పట్టుకున్నది ఏదో బడి పీఈటీ సారు. పాపం ఆయన బంతి ఎటుపోతే అటు పరిగెత్తుతున్నాడు. నా పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, మగ్గం నేసే మనిషి, మనవడు ఆడుతున్నాడని వచ్చాడు. ఆయన నాతో మెల్లగా అన్నాడు: “సారు బంతి ఎంబడి పోతాండాడు సామీ. పోవాల్సింది బంతి ఎంబడి కాదు గదా, ఎనకాల నిలబడిన పిల్లోని ఎంబడి.” నాకు నోట మాట రాలేదు. అసిస్టెంట్ రిఫరీలకు తరగతిలో మొట్టమొదట నేర్పే పాఠం అదే. చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా గీత వెంబడి కదులుతూ ఉండాలి. బంతి ఎక్కడో నలభై మీటర్ల అవతల ఉంటుంది. దాన్ని కాలు తాకిన చప్పుడో, కంటి కొసన కదలికో పట్టుకుని, అదే క్షణంలో ఎదురుగా ఉన్న వరసను ఫొటో తీసినట్టు మనసులో నిలపాలి.

అది మనిషి కంటికి మించిన పని. కాస్త లెక్క వేసి చూడండి. ఫార్వర్డ్ సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో ముందుకు దూకుతున్నాడు. డిఫెండర్ మెక్రాకెన్ శిష్యుడు కాబట్టి నాలుగు మీటర్ల వేగంతో ఎదురు వస్తున్నాడు. సెకనులో పదోవంతు చూపు ఆలస్యమైతే ఇద్దరి మధ్య ఒక మీటరుకు పైగా తేడా వచ్చేస్తుంది. తన్నిన కాలు వైపు నుంచి వరస వైపు చూపు తిప్పేలోపు ఒక న్యాయం ఇంకో న్యాయం అయిపోతుంది. 2000లో నేచర్ పత్రికలో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. లైన్స్‌మెన్ తప్పుల్లో చాలావరకు వాళ్లు నిలబడిన కోణం నుంచే వస్తున్నాయట. వరసకు సరిగ్గా ఎదురుగా కాక గోల్ వైపు కొంచెం జరిగి నిలబడితే, దూరంగా ఉన్నవాడు ముందున్నట్టు, దగ్గర ఉన్నవాడు వెనకున్నట్టు కంటికి అబద్ధం కనిపిస్తుంది. గ్యాలరీలో మనం అరిచే అరుపుల్లో ‘అమ్ముడుపోయినాడు’ అన్న మాట ఎక్కువ, ‘రెండడుగులు పక్కకు నిలబడినాడు’ అన్న మాట ఎప్పుడూ వినలేదు.

ఆ ధర్మవరం ఆటలో చివరికి జెండా లేచింది. గోల్ కొట్టిన పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. “సార్, ఆఫ్‌సైడ్ కాదు సార్!” “యాడ కాదురా? నేను చూస్తానే ఉండా.” “మీరు బంతిని చూస్తాంటిరి సార్.” సారు ఒక్క క్షణం ఆగి, “నోరు మూసుకోని ఆడుపో” అన్నాడు. వాడు పోయి ఆడుకున్నాడు. అయిదు నిమిషాల్లో అంతా మరిచిపోయారు, ఆ పెద్దాయన తప్ప.

మా జిల్లా ఫుట్‌బాల్ గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఇక్కడ ఈ ఆట పెరగడానికి ముఖ్య కారణం ఆర్డీటీ. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో అడుగుపెట్టి మొదలుపెట్టిన సంస్థ. జనం ఇప్పటికీ ఆయన్ను ‘ఫాదర్’ అనే అంటారు. బళ్లు, ఆసుపత్రులు, ఇళ్లు కట్టించిన చేతులే మైదానాలూ వేశాయి. 2010లో రాఫెల్ నాదల్ అనంతపురం వచ్చి టెన్నిస్ స్కూలు తెరిచాడంటే ఆ స్పెయిన్ బంధమే కారణం. ఫుట్‌బాల్‌కు స్పెయిన్ లాలిగా వారి ఫౌండేషన్ చేయి కలిపింది. పల్లె పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బూట్లు కట్టుకుని లీగ్ మ్యాచిలు ఆడటం దాంతో మామూలు సంగతి అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చినా ఆట గీతలు జిల్లా గీతలను పట్టించుకోలేదు. లాలిగా పేరు ఇక్కడ ఎందుకు తెచ్చానో కాసేపట్లో చెబుతాను.

వీడియో రిఫరీకి, అంటే వీఏఆర్‌కు, ప్రపంచ ఫుట్‌బాల్ 2018 మార్చిలో తలుపు తెరిచింది. ఆ ఏడు జూన్‌లో రష్యా ప్రపంచ కప్‌కే అది వచ్చేసింది. అప్పట్లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కట్టుబడి జరుగుతోంది. విజయనగర రాజులకు రెండో రాజధాని అయిన ఊళ్లో కొరియా అక్షరాల బోర్డులు మొలుస్తున్న కాలం. జూన్ 27న కజాన్‌లో కొరియా, జర్మనీ ఆడాయి. తొంభై నిమిషాలు అయిపోయాయి, గోల్ లేదు. కార్నర్ నుంచి బంతి గుంపులో దొర్లి కిమ్ యంగ్-గ్వోన్ ముందు పడింది. కొట్టాడు. జెండా లేచింది, ఆఫ్‌సైడ్. వెనకటి రోజులైతే కథ అక్కడితో సరి. రిఫరీ తెర దగ్గరకు వెళ్లి చూశాడు. బంతి కొరియా కాలి నుంచి కాదు, జర్మనీవాడు టోనీ క్రూస్ కాలి నుంచి వచ్చింది. ఎదుటివాడు ఇచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఎక్కడిది? గోల్ ఇచ్చారు. తర్వాత సన్ హ్యుంగ్-మిన్ ఖాళీ గోల్‌లోకి ఇంకోటి కొట్టాడు. కప్పు గెలిచి వచ్చిన జర్మనీ మొదటి దశలోనే ఇంటికి పోయింది, 1938 తర్వాత మొదటిసారి. వీడియో రిఫరీని ఎవరు తిట్టినా నేను ఈ గోల్ గుర్తు చేస్తాను. మైదానంలో ఏ కన్నూ పట్టలేని ఒక నిజాన్ని యంత్రం పట్టింది. ఇట్లాంటి పనికే దాన్ని తెచ్చుకున్నది.

కానీ యంత్రం ఇంట్లోకి వచ్చాక మనం చెప్పిన పనితో ఆగదు. వీడియో రిఫరీ నాలుగు సంగతుల్లోనే తలదూర్చాలి, అదీ ‘స్పష్టంగా కళ్లకు కట్టే తప్పు’ అయితేనే అన్నది మూల సూత్రం. ఆ నాలుగూ గోల్, పెనాల్టీ, నేరుగా ఎర్రకార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు చూపడం. వినడానికి ఎంత బాగుంది! అయితే ఆఫ్‌సైడ్ స్థానం దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం జారిపోయింది. అది అభిప్రాయం కాదు, వాస్తవం కదా, ఉన్నాడా లేడా అంతే కదా అన్నారు. వాస్తవం అనగానే కొలత వచ్చింది. కొలత అనగానే సెంటీమీటరు వచ్చింది. 2019 నవంబరులో ఇంగ్లీష్ ప్రీమియర్ లీగులో ఆస్టన్ విల్లా మీద లివర్‌పూల్ ఆటగాడు ఫిర్మినో కొట్టిన గోల్ కొట్టేశారు. అతని చంక గీత దాటిందట. వారం తిరిగేసరికి షెఫీల్డ్ యునైటెడ్ గోల్ ఒకటి పోయింది. ఈసారి లండ్‌స్ట్రమ్ అనే ఆటగాడి బొటనవేలు. గోల్ కొట్టింది కూడా అతను కాదు, అంతకు ముందెప్పుడో బంతి అందుకున్నాడు, అంతే. తెర మీద రంగు గీతలు గీసి, మళ్లీ గీసి, కొన్ని నిమిషాల తర్వాత తీర్పు.

ఇక్కడ నాకు మండుతుంది. టీవీ కెమెరా సెకనుకు యాభై బొమ్మలు తీస్తుందనుకుందాం. అంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య ఇరవై మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో మన ఫార్వర్డ్ పదహారు సెంటీమీటర్లు కదిలిపోతాడు. బంతి కాలిని వదిలిన క్షణం ఈ బొమ్మలో ఉందా, పక్క బొమ్మలో ఉందా అన్నదే తేలనప్పుడు బొటనవేలి కొలత ఎట్లా తేలుతుంది? హిందూపురం మార్కెట్‌కు బండ్ల మీద వచ్చే బెల్లాన్ని కంసాలి త్రాసులో తూచినట్టు ఉంది ఈ వ్యవహారం. త్రాసు మంచిదే. సరుకు దానికి తగ్గది కాదు.

క్రికెట్‌వాళ్లు ఇందులో కొంచెం తెలివిగా ఉన్నారని ఒప్పుకోక తప్పదు. ఎల్బీడబ్ల్యూ రివ్యూలో బంతి సగం కన్నా తక్కువ వికెట్లకు తగులుతుందని తేలితే ‘అంపైర్స్ కాల్’ అంటారు. అంటే యంత్రం తన హద్దు తానే ఒప్పుకుంటుంది. ఇంత సన్నటి తేడాలో నా మాట కన్నా మైదానంలో నిలబడిన మనిషి మాటే నిలవాలి అంటుంది. మా ఊరి టీ కొట్ల దగ్గర అంపైర్స్ కాల్‌ను తిట్టని వాడు లేడు. కానీ దాన్ని అర్థం చేసుకోని వాడూ లేడు. ఫుట్‌బాల్ ఆ మెత్తదనాన్ని మొదట వదులుకుంది, తర్వాత వెతుక్కుంది. ప్రీమియర్ లీగు 2021-22 సీజనులో గీతలను కావాలని లావు చేసింది. రెండు గీతలూ కలిసిపోతే ఫార్వర్డ్ బతికినట్టే. బొటనవేళ్లు కొన్ని ఊపిరి పీల్చుకున్నాయి.

అంతలో ఖతార్ వచ్చింది. 2022 ప్రపంచ కప్‌లో స్టేడియం కప్పు కింద పన్నెండు కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద ఇరవై తొమ్మిది చోట్లను సెకనుకు యాభై సార్లు గుర్తుపట్టడం వాటి పని. బంతి కడుపులో ఇంకో పరికరం, సెకనుకు అయిదు వందల సార్లు కబురు పంపుతుంది. తన్నిన క్షణం ఏదన్న ప్రశ్నకు జవాబు దాంతో దగ్గరపడింది. నా పదహారు సెంటీమీటర్ల గొడవకు సగం మందు దొరికిందని న్యాయంగా ఒప్పుకుంటాను. మొదటి మ్యాచి మూడో నిమిషంలోనే ఈక్వడార్ గోల్ ఒకటి పోయింది. నవంబరు 22న సౌదీ అరేబియా మీద అర్జెంటీనా మొదటి సగంలో మూడు గోల్స్ ఆఫ్‌సైడ్ పాలయ్యాయి. ఒకటి మెస్సీది, రెండు లౌతారో మార్టినెజ్‌వి. సౌదీ డిఫెండర్లు గీతను అంత ముందుకు జరిపి, మెక్రాకెన్ పాతపాఠాన్ని యంత్రం సాక్షిగా అప్పజెప్పారు. 2–1తో గెలిచారు. పాతకాలపు లైన్స్‌మన్ అయితే మెస్సీ పేరు విని జెండా కాస్త బరువెక్కేదేమో. యంత్రానికి మెస్సీ ఎవరో తెలియదు. చిన్నజట్లకు ఇది ఎంత పెద్ద వరమో యూరప్ వ్యాసకర్తలు రాయగా నేను పెద్దగా చూడలేదు.

స్థానాన్ని ఎంత కొలిచినా ‘ఆటలో వేలు పెట్టాడా’ అన్నది కొలతకు లొంగదు. 2023 జనవరిలో మాంచెస్టర్ జట్లు రెండూ ఆడుతున్నాయి. యునైటెడ్ ఫార్వర్డ్ రాష్‌ఫోర్డ్ ఆఫ్‌సైడ్ స్థానం నుంచి బంతి వెంట పరిగెత్తాడు, పక్కనే పరిగెత్తాడు, డిఫెండర్లంతా అతన్నే చూస్తున్నారు. కానీ బంతిని తాకలేదు. వెనక నుంచి ఫెర్నాండెస్ వచ్చి కొట్టాడు. జెండా లేచింది, తర్వాత దిగింది. గోల్ ఇచ్చారు. తాకలేదు కాబట్టి ఆటలో లేడన్నారు. మా హిందూపురం పిల్లలను అడిగితే ఒక్క మాటలో తేల్చేవాళ్లు. గోలు కాడ కాపు కాసేవాడు బంతిని తాకకపోయినా కాపు కాసినట్టే.

ఇక యంత్రమూ గీతా అన్నీ సరిగ్గా ఉండి మనిషి నోరు జారితే? 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. మైదానంలో జెండా లేచింది. వీడియో గదిలో చూస్తే ఆఫ్‌సైడ్ కాదు, స్పష్టంగా కాదు. కానీ గదిలోని రిఫరీ మైదానంలో గోల్ ఇచ్చేశారనుకున్నాడు. “చెక్ కంప్లీట్” అన్నాడు. అవతలివాళ్లు దాన్ని ఆఫ్‌సైడ్ ఖాయమైందని అర్థం చేసుకున్నారు. ఆట మొదలైపోయింది. తప్పు తెలిసేసరికి ఆపే అధికారం లేదన్నారు. తర్వాత ఆ మాటలన్నీ బయటపెట్టారు. వింటుంటే కోపం కన్నా జాలేసింది. కోట్ల విలువ చేసే గదిలో కూర్చుని నలుగురు మనుషులు ఒకరి మాట ఒకరికి అర్థంకాక తల పట్టుకోవడం! మన ఆఫీసుల్లో రోజూ జరిగేదే.

ఇప్పుడు లాలిగా సంగతి. 2024 ఏప్రిల్ 21న రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఆడాయి. లామిన్ యమాల్ తాకిన బంతి గోల్ గీత దాటిందా లేదా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. ఎందుకంటే యూరప్ పెద్ద లీగులు అయిదింటిలో గీతను చూసే యంత్రం పెట్టుకోనిది అప్పటికి స్పెయిన్ ఒక్కటే. అక్కరకు వచ్చేది ఏడాదికి ఏ నాలుగైదు సార్లో, దానికి అంత ఖర్చా అన్న ధోరణి లీగు పెద్దలది. రియల్ మాడ్రిడ్ ఉన్న లీగే ఖర్చు లెక్క చూసుకుంటుంటే ధర్మవరం గ్రౌండులో పీఈటీ సారు తప్పుగా చూశాడని ఏడ్వడం ఏం న్యాయం? వాళ్లూ మనమూ ఒకే గొడవ పడుతున్నాం, బూట్ల ధరలోనే తేడా.

అయితే ఈ నవ్వు దోహా దగ్గర ఆగిపోతుంది. 2024 జూన్ 11, ప్రపంచ కప్ క్వాలిఫైయింగ్ రెండో దశ. సునీల్ ఛెత్రి దేశం తరఫున ఆట చాలించి అయిదు రోజులైంది. మూడో దశకు ఎప్పుడూ చేరని భారత్‌కు గెలిస్తే దారి ఉంది. లల్లియన్‌జువాలా ఛాంగ్తే గోల్ కొట్టాడు, ఖతార్ మీద ఖతార్‌లోనే 1–0 ముందున్నాం. 73వ నిమిషం. మన గోలీ గుర్‌ప్రీత్ ఆపబోయిన బంతి గోల్ పక్కన గీత దాటి బయటికి పోయింది. మనవాళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, యూసఫ్ అయ్‌మన్ గోల్‌లోకి తోశాడు. గోల్ ఇచ్చారు. మనవాళ్లు మొత్తుకున్నారు. చివరికి 2–1తో ఓడి ఇంటికి వచ్చారు. ఆ దశ మ్యాచిల్లో వీడియో రిఫరీ లేదు. ఏడాదిన్నర కింద మూడో నిమిషంలోనే ఆఫ్‌సైడ్ పట్టిన అదే దేశంలో, బంతి మొత్తంగా గీత దాటి బయటికి పోతే చూసే దిక్కు లేదు.

దీనికి సెన్సార్లు అక్కర్లేదు, పన్నెండు కెమెరాలు అక్కర్లేదు. హిందూపురంలో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసినవాడికి కూడా తెలిసింది బంతి బయట ఉందని. అందరికీ తెలిసి, తీర్పు చెప్పాల్సిన ఒక్కడికి తెలియకపోవడం. వీడియో న్యాయం అవసరం అక్కడ. బొటనవేలు కొలిచే యంత్రం ఉన్నచోట ఉంది, బారెడు తప్పు దిద్దే యంత్రం లేనిచోట లేదు. యంత్రం తప్పు ఎంత పెద్దదో చూసి రాదు, టీవీ హక్కుల ధర చూసి వస్తుంది. నా ఫిర్యాదు టెక్నాలజీ మీద కాదు, దాని పంపకం మీద.

మన దేశం సంగతి చెప్పుకోవాలంటే హిందూపురం నుంచి రైలెక్కి బెంగళూరు పోతే చాలు, వంద కిలోమీటర్లు. 2023 మార్చి 3న కంఠీరవ స్టేడియంలో బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ నాకౌట్ మ్యాచి ఎక్స్‌ట్రా టైములో పడింది. ఫ్రీకిక్ దొరికితే కేరళవాళ్లు ఇంకా గోడ కట్టుకోకముందే ఛెత్రి కొట్టేశాడు. గోల్ ఇచ్చారు. కేరళ కోచ్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి బయటికి పిలిచేశాడు, వాళ్లు మళ్లీ రాలేదు. క్లబ్బుకు నాలుగు కోట్ల జరిమానా, కోచ్‌కు పది మ్యాచిల నిషేధం పడ్డాయి. అప్పుడు అందరూ వీడియో రిఫరీ ఉంటే ఇట్లా జరిగేది కాదన్నారు. నాకు నమ్మకం లేదు. అది కంటికి కనిపించని తప్పు కాదు, రిఫరీకీ ఆటగాళ్లకూ మధ్య మాట అందకపోవడం. లూయిస్ డియాజ్ గోల్ నాడు వీడియో గదిలో జరిగిందీ అదే. ఏమైనా ఆ ఏడాదే ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షుడు కల్యాణ్ చౌబే తక్కువ ఖర్చుతో ‘వీఏఆర్ లైట్’ తెచ్చే ఆలోచన బయటపెట్టాడు.

అన్నట్టు, తెలుగునాట ఫుట్‌బాల్ వెలిగిన రోజుల్లో ఇవేవీ లేవు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది. వాటిలో ఏ గోల్ ఆఫ్‌సైడో, ఏ జెండా అన్యాయంగా లేచిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆయన మీద వచ్చిన ‘మైదాన్’ సినిమాలో ప్రతి గోల్‌కూ నాలుగు కోణాలు ఉన్నాయి. ఆయన చూసింది మాత్రం గీత పక్క నుంచి ఒకే ఒక్క కోణం.

ఈ మధ్య ఒక చవక పద్ధతి వచ్చింది. పేరు ‘ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్’. 2024లో కొలంబియాలో జరిగిన ఇరవై ఏళ్లలోపు అమ్మాయిల ప్రపంచ కప్‌లో వాడారు. ప్రత్యేకంగా వీడియో రిఫరీ ఉండడు, గది ఉండదు. నాలుగైదు కెమెరాలు చాలు. కోచ్‌కు అనుమానం వస్తే వేలు గిర్రున తిప్పి, ఒక కార్డు అందించి, రివ్యూ అడగాలి. మ్యాచికి రెండుసార్లు. అడిగింది నిజమైతే ఆ అవకాశం మిగిలే ఉంటుంది. క్రికెట్ చూసిన ఏ తెలుగువాడికైనా అరనిమిషంలో అర్థమవుతుంది. దోహాలో ఇది ఉండి ఉంటే మన కోచ్ ఆ 73వ నిమిషంలో కార్డు ఇచ్చేవాడు, అంతటితో సరిపోయేది.

పెనుకొండలోనో ధర్మవరంలోనో దీన్ని పెట్టడం పెద్ద కష్టం కాదనిపిస్తుంది. నాలుగు స్టాండ్లు, నాలుగు సెల్‌ఫోన్లు, ఎండకు తెర కనిపించేలా ఒక గొడుగు. మన పీఈటీ సార్లు రెండు కార్డులూ మొదటి పది నిమిషాల్లోనే వాడేస్తారనుకోండి, ఒకటి అనుమానంతో, రెండోది పిల్లలు నీళ్లు తాగడానికి. అయినా బంతి బయటికి పోయిందా, చెయ్యి తగిలిందా లాంటి ముతక తగువులన్నీ తీరిపోతాయి. తీరనిది ఒక్క ఆఫ్‌సైడే. నాలుగు ఫోన్లలో ఏదీ సరిగ్గా వరసకు ఎదురుగా ఉండదు కాబట్టి, ఆ నెదర్లాండ్స్‌వాళ్లు చెప్పిన కోణం దోషం ఫోన్‌కూ తప్పదు. దానికి మాత్రం బంతిని వదిలి చివరి పిల్లాడి వెంబడి పరిగెత్తే ఇద్దరు మనుషులు కావాలి. వాళ్లకు నాలుగు రోజుల శిక్షణ, ఒక జెండా, ఒక మంచి బూట్ల జత ఇస్తే పని జరుగుతుంది. రోజు బత్తెం ఎంత అన్న చోటే మాట ఆగుతుంది. ఇప్పటికైతే చాలా పోటీల్లో అది మధ్యాహ్నం భోజనం, ఒక టోపీ.